కోడలికి వచ్చిందా, ఆడపడుచుకు వచ్చిందా: ఇంటి ఆరోగ్య వంశవృక్షం రాసుకునే విధానం

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడిలో గాని, గుణుపురంలో గాని, బరంపురంలో గాని ఏ తెలుగు ఇంటికైనా వెళ్ళి ఫలానా జబ్బు మీ ఇంట్లో ఎందుకు వచ్చిందని అడిగితే సాధారణంగా రెండే సమాధానాలు వినబడతాయి. "అది మా రక్తంలోనే ఉంది" అన్నది ఒకటి, "ఈ ఊరి నీళ్ళు అలాంటివి" అన్నది రెండోది. చెప్పేవారు ఈ రెండింటిలో ఒకదాన్ని గట్టిగా నమ్మి చెబుతారే గాని, ఆ రెండింటినీ విడదీసి చూపగల సాక్షులు తమ ఇంట్లోనే ఉన్నారన్న సంగతి వారికి తట్టదు. ఆ సాక్షులు కోడలూ, ఆడపడుచూను. కోడలు వేరే ఇంటి రక్తంతో వచ్చి మన బావి నీళ్ళు తాగుతుంది, మన పొయ్యి పొగ పీలుస్తుంది, మన కుండలో వండినదే తింటుంది. ఆడపడుచు మన రక్తంతోనే వెళ్ళి పాతపట్నంలోనో, పలాసలోనో, విశాఖపట్నంలోనో మరో ఊరి నీటికీ, మరో వంటకూ అలవాటు పడుతుంది.

జన్యువుల వాటా ఎంత, పెరిగిన పరిసరాల వాటా ఎంత అన్న ప్రశ్నకు 1875లో ఫ్రాన్సిస్ గాల్టన్ కవలలను పోల్చి జవాబు వెదికాడు. ఆ తరువాతి శాస్త్రజ్ఞులు దత్తు వెళ్ళిన పిల్లలనూ, వలస వెళ్ళిన కుటుంబాలనూ పరిశీలించారు. మన ఇళ్ళలో కవలలు అరుదు గాని పెళ్ళి చేసుకొని వెళ్ళినవారికీ, పనికోసం సూరత్ మరమగ్గాలకో హైదరాబాదుకో వెళ్ళినవారికీ కొదవ లేదు. వారందరినీ ఒక కాగితం మీదికి తెచ్చి, ఆ కాగితాన్ని తెలివిగా చదువుకోవడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

కాగితం మీదికి ఎక్కించడం

పెద్ద డ్రాయింగు కాగితం ఒకటి, పెన్సిలు, రబ్బరు, విడిగా ఒక నోటుపుస్తకం చాలు. పెన్నుతో మొదలుపెట్టవద్దు, ఎందుకంటే మొదటిసారి చెప్పిన వయస్సులూ వరుసలూ సగానికి సగం మారుతాయి. వైద్యులు వాడే గుర్తులనే వాడుకుంటే తరువాత ఆసుపత్రిలో చూపినప్పుడు వివరించే పని తప్పుతుంది: మగవారికి చదరం, ఆడవారికి సున్న, జబ్బు ఉన్నవారి గుర్తును నలుపుతో నింపడం, చనిపోయినవారి గుర్తు మీద ఏటవాలు గీత, దంపతుల మధ్య ఒక అడ్డగీత, ఆ దంపతులు మేనరికమైతే రెండు అడ్డగీతలు. ఎవరికోసం ఈ పటం మొదలుపెట్టామో వారి పక్కన ఒక బాణం గుర్తు వేయాలి. కనీసం మూడు తరాలు ఉండాలి. తండ్రి వైపు ఎంత శ్రద్ధగా రాస్తారో తల్లి వైపు కూడా అంతే శ్రద్ధగా రాయాలి. మన అలవాటు ప్రకారం ఇంటిపేరు వెంట నడుచుకుంటూ వెళితే సగం చెట్టే వస్తుంది.

ఇంతవరకు అందరూ చేసే పనే. ఈ పటాన్ని మామూలు వంశవృక్షం కంటే ఉపయోగకరంగా చేసేది నోటుపుస్తకంలో ఒక్కొక్కరికి కేటాయించే పేజీ. అందులో జబ్బు పేరుతోబాటు అది ఏ వయస్సులో బయటపడిందో, పుట్టినప్పటి నుంచి సుమారు పదేళ్ళ వరకు ఎక్కడ పెరిగారో, తరువాత ఎక్కడ ఎన్నాళ్ళు ఉన్నారో, ఏ పని చేశారో, తాగిన నీరు బావిదో బోరుదో ఏటిదో, వంట కట్టెల మీదనో గ్యాసు మీదనో, పొగాకు ఏ రూపంలో వాడారో రాయాలి. పొగాకు విషయంలో మాట మరుగు పెట్టకుండా అడగాలి. ఉత్తర కోస్తాలోనూ దానికి ఆనుకొని ఉన్న మన వైపునా పెద్దతరం ఆడవారిలో అడ్డపొగ తాగే అలవాటు ఉండేది. చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకొని తాగే ఈ అలవాటు వల్ల అంగిట్లో క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉందని శ్రీకాకుళం ప్రాంతంలో దశాబ్దాల కిందటే పరిశోధకులు గుర్తించారు. తల్లికీ కూతురికీ అదే చోట అదే జబ్బు వస్తే పటంలో అది అచ్చం వంశపారంపర్యం లాగానే కనబడుతుంది. నిజానికి తల్లి నుంచి కూతురికి అందినది జన్యువు కాకపోవచ్చు, చుట్ట కావచ్చు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అన్న సామెతను మనం రక్తానికి రుజువుగా వాడుతాం గాని, దూడ తల్లి వెంట తిరిగి చేను దారి నేర్చుకున్నదన్న అర్థమే అందులో ఎక్కువగా ఉందని నాకనిపిస్తుంది.

పెద్దవారికి సంవత్సరాలు గుర్తుండవు, తుఫానులు గుర్తుంటాయి. "మామ్మా, తాతకి ఆయాసం మొదలైంది 1999 పెద్ద తుఫానుకి ముందా, తరువాతా?" అని అడిగితే వెంటనే జవాబు వస్తుంది. 2013 అక్టోబరులో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో గజపతి జిల్లాను ముంచెత్తిన తిత్లీ, గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోయిన 1992, ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళు, కాన్పులు మనకు మైలురాళ్ళు. పుట్టగానే పోయిన బిడ్డలు, నిలవని గర్భాలు, "ఏదో గాలి సోకి" పోయారని చెప్పే చిన్నపిల్లలు తప్పకుండా పటంలోకి రావాలి. జన్యుపరమైన జబ్బులకు చాలాసార్లు మొదటి ఆనవాళ్ళు వాళ్ళే. ఇవి కోడళ్ళను అత్తగారి ఎదుట అడగవలసిన ప్రశ్నలు కావు. ఒంటరిగా, పని చేసుకుంటూ ఉన్న సమయంలో, మనిషికి ఇష్టమైతేనే అడగాలి. మానసిక వ్యాధి, కుష్ఠు, క్షయ వంటి మాటలను ఒకరి నోట విన్నది మరొకరి దగ్గర అనకూడదు. ఈ కాగితాన్ని ఫోటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే ఒక పెళ్ళి సంబంధం పోవడానికి అంతకంటే తక్కువ కారణాలు చాలు.

పటాన్ని చదవడం

పటం పూర్తయ్యాక ఒక్కొక్క జబ్బును తీసుకొని, అది ఈ ఇంట్లో ఉన్న కోడళ్ళకు కూడా వచ్చిందా, ఇల్లు విడిచి వెళ్ళిన ఆడపడుచులకూ అన్నదమ్ములకూ వచ్చిందా అని చూడాలి. కోడలికీ వచ్చి, వెళ్ళిపోయినవారికి రాకపోతే నీటినీ పొగనూ తిండినీ అనుమానించాలి. వెళ్ళిపోయినవారికి వేర్వేరు ఊళ్ళలో అదే జబ్బు వచ్చి, కోడళ్ళకు రాకపోతే జన్యువుల వాటా ఎక్కువని అనుకోవచ్చు. చిన్న వయస్సులోనే రావడం, ముఖ్యంగా రొమ్ము క్యాన్సరు, పెద్దప్రేగు క్యాన్సరు, గుండెపోటు వంటివి యాభై ఏళ్ళ లోపే ఒకే వైపు బంధువులలో ఇద్దరు ముగ్గురికి కనబడడం కూడా ఆ అనుమానాన్ని బలపరుస్తుంది.

అయితే ఈ సాక్ష్యం రెండు చోట్ల మోసం చేస్తుంది. మేనరికం చేసుకున్న ఇంట్లో కోడలు పరాయి రక్తం కాదు. ఆమె మేనత్త కూతురో మేనమామ కూతురో అయినప్పుడు ఆమెను సాక్షిగా లెక్కించకూడదు. పటంలో రెండు అడ్డగీతలు గీయమన్నది అందుకు కూడాను. రెండో మోసం ఎదుగుదలకు సంబంధించినది, అది ఇంకా సూక్ష్మమైనది. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న బోరు నీరు తాగే ఊరిలో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు వస్తాయి. ఇరవై ఏళ్ళ వయస్సులో ఆ ఊరికి వచ్చిన కోడలికి అవి రావు, ఎందుకంటే పళ్ళ పింగాణీ చిగుళ్ళ లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ళ వయస్సు వరకే, ఆమె పళ్ళు అప్పటికే తన పుట్టింట్లో గట్టిపడిపోయాయి. ఆమెకు లేదు, ఆమె పిల్లలకు ఉంది, కాబట్టి తండ్రి వంశం నుంచి వచ్చిందని తేల్చేస్తే పొరపాటు చేసినట్టే. ఇలాంటిచోట చూడవలసిన సాక్షులు వేరే బోరు వేసిన తరువాత పుట్టిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఆ పరీక్ష చేయించవచ్చు. "పదేళ్ళ వరకు ఎక్కడ పెరిగారు" అన్న గడిని ప్రత్యేకంగా పెట్టమనడానికి కారణం ఇదే. శరీరంలో ఒక్కొక్క భాగానికి అది రూపుదిద్దుకునే కాలం వేరు, ఆ కాలంలో ఉన్న పరిసరాలే దాని మీద ముద్ర వేస్తాయి.

మా ఇంటి పటంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది షుగరు. "మాది షుగరు వంశం" అని మా నాన్నగారు ధీమాగా చెప్పేవారు. పేజీలు నింపాక చూస్తే తాతగారికి 71 ఏళ్ళకు, నాన్నగారికి 54 ఏళ్ళకు, హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చునే తమ్ముడికి 37 ఏళ్ళకు బయటపడింది. మూడు తరాలలో జన్యువులు అంతగా మారవు. మారినవి తాతగారు చోడి అంబలి తాగి వంశధార ఒడ్డున పొలాలకు నడిచిన రోజులు, నాన్నగారి గుమాస్తా ఉద్యోగం, తమ్ముడి రాత్రి భోజనాలు. తాతగారి కాలంలో రక్తపరీక్షలు అరుదు గనుక ఆయనకు అంతకు ముందే ఉండి ఉండవచ్చు, ఆ మేరకు లెక్కను సడలించుకోవాలి. సడలించినా దిశ మారదు. వంశంలో ఆ బలహీనత ఉన్నమాట నిజమే గాని, అది ఏ వయస్సులో బయటికి రావాలన్నది చాలావరకు బతుకుతీరు నిర్ణయించింది.

ఈ బలహీనతకు కొంత పునాది గర్భంలోనే పడుతుందని పుణె చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి చేసిన పరిశోధన చూపింది. ఆ పల్లెల్లో పుట్టిన శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులది సుమారు 3.5 కిలోలు. మన బిడ్డల కండ, బరువు అంత తక్కువగా ఉన్నా చర్మం కింది కొవ్వు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. కనుక పిల్లల పేజీలో పుట్టినప్పటి బరువును తల్లీబిడ్డల కార్డు చూసి తప్పక రాయండి.

మీట ఒకరిది, నొక్కేది మరొకటి

కొన్ని జన్యువులు ఏళ్ళ తరబడి మౌనంగా ఉండి, ఫలానా మందో తిండో తగిలినప్పుడు మాత్రమే మాట్లాడతాయి. ఇవి ఏ పటంలోనూ జబ్బుగా కనబడవు గనుక ప్రశ్న రూపంలో అడిగి రాబట్టాలి. "మన ఇంట్లో మగపిల్లలకు ఎవరికైనా మలేరియా మాత్రలు వేసుకున్న తరువాత మూత్రం నల్లటి టీ రంగులోకి మారి, కళ్ళు పచ్చబడ్డాయా?" అన్నది అలాంటి ప్రశ్న. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి ప్రైమాక్విన్ వంటి మందు ఇస్తే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. పెట్టెల్లో వేసే కలరా ఉండల నాఫ్తలీను వాసన కూడా పసిబిడ్డలకు అదే హాని చేయగలదు. ఈ లోపం తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది కాబట్టి మేనమామలను అడగాలి. మలేరియా ఇంకా వదలని రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు ఉండేవారికి ఇది తెలిసి ఉండవలసిన విషయం. మందు మానెయ్యమని దీని అర్థం కాదు, పరీక్ష చేయించి వైద్యుడికి ముందే చెప్పమని అర్థం. "ఆపరేషనుకు మత్తు ఇచ్చాక ఎవరైనా గంటల తరబడి ఊపిరి తీసుకోలేక యంత్రం మీద ఉండవలసి వచ్చిందా?" అన్నది మరో ప్రశ్న. మత్తులో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందును విరిచే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే ఉండదు. ఈ లోపం దక్షిణాది వైశ్య కుటుంబాలలో మిగతావారికంటే ఎక్కువగా కనబడుతుందని పరిశోధనలున్నాయి. మత్తు డాక్టరుకు ముందే చెప్పిన ఒక్క వాక్యం ప్రాణం కాపాడుతుంది.

సికిల్ సెల్ సంగతి మరికొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఒడిశా దక్షిణ జిల్లాలలోనూ, అటు మహారాష్ట్రలో తెలుగువారున్న గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలలోనూ ఇది ఇరుగుపొరుగు జబ్బు. హిమోగ్లోబిన్ తయారు చేసే ఒక జన్యువులో ఒకే ఒక అక్షరం మారడం వల్ల ఎర్రకణం కొడవలి ఆకారంలోకి వంగుతుంది. ఇది అణుస్థాయి వ్యాధి అని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. తల్లి నుంచి, తండ్రి నుంచి ఇద్దరి దగ్గరా ఆ మార్పు వస్తేనే జబ్బు. ఒకరి దగ్గరనుంచే వస్తే వాహకులు మాత్రమే, వారు మామూలుగా జీవిస్తారు. పైగా ఆ ఒక్క ప్రతి ఉన్నవారిని తీవ్రమైన మలేరియా అంత తేలికగా చంపలేదని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో గమనించాడు. మలేరియా అడవులలో ఈ జన్యువు ఇన్ని తరాలు నిలవడానికి కారణం అదే. జన్యువును పరిసరాలే ఎంచి నిలబెట్టాయన్నమాట. జబ్బు ఉన్నవారిలో కూడా నొప్పి ఎప్పుడు విజృంభించాలన్నది పరిసరాల చేతిలో ఉంటుంది: ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం, చలి, జ్వరం, ఊపిరందని శ్రమ దానిని రేపుతాయి.

ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక మూడు కాన్పుల వరకు భయం లేదు" అన్న లెక్క తప్పు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుంచే. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద నలభై ఏళ్ళ లోపువారికి ఉచితంగా పరీక్ష చేస్తున్నారు. ఆశా దీదీని అడిగితే శిబిరం తేదీ తెలుస్తుంది. మొదటి పరీక్షలో ఉన్నదని వస్తే హెచ్‌పీఎల్‌సీ అనే రెండో పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఆ రెండో పరీక్షలోనే తలసేమియా (హిమోగ్లోబిన్ సరిపడా తయారుకాని వంశపారంపర్య జబ్బు) వాహకులు కూడా బయటపడతారు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పెరగని ఇంటి ఆడపిల్లకు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

మేనరికం లెక్క

మన ఇళ్ళలో గోత్రం వేరు, ఇంటిపేరు వేరు అయితే రక్తం వేరన్న నమ్మకం ఉంది. గోత్రం తండ్రి గీతనే లెక్కిస్తుంది, జన్యువులు తల్లి నుంచి కూడా సరిగ్గా సగం వస్తాయి. మేనత్త మేనమామల పిల్లలు తమ జన్యువులలో సగటున ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామ, మేనకోడలు నాలుగో వంతు పంచుకుంటారు. సాధారణ దంపతులకు పుట్టే నూరుమంది పిల్లలలో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో తీవ్రమైన లోపం ఉంటే, మేనత్త మేనమామల పిల్లల మధ్య పెళ్ళిలో మరో ఇద్దరు ముగ్గురు కలుస్తారు. అంటే అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. ఈ మాట చెప్పకుండా మేనరికం చేసుకున్న దంపతులను భయపెట్టేవారంటే నాకు ఇష్టం లేదు. అయితే పటంలో అప్పటికే ఒక వంశపారంపర్య జబ్బు కనబడుతున్నా, మేనరికాలు తరం తరువాత తరం వరుసగా జరిగినా, లేక మేనమామకే ఇస్తున్నా ఆ సగటు వారికి వర్తించదు. ముందుగా బరంపురం, కోరాపుట్ వైద్య కళాశాలల వంటి పెద్ద ఆసుపత్రిలో పటం చూపించి సలహా తీసుకోవాలి.

పిల్లల ఎత్తు, బుద్ధి

ఎత్తుకు మాత్రం ఇంట్లోనే వేసుకోదగిన లెక్క ఉంది. తల్లిదండ్రుల ఎత్తులను సెంటీమీటర్లలో కూడి, కొడుకైతే 13 కలిపి, కూతురైతే 13 తీసివేసి, సగం చేయాలి. తండ్రి 162, తల్లి 150 అయితే కొడుకుకు 162.5, కూతురికి 149.5 వస్తుంది. అటూ ఇటూ ఎనిమిది సెంటీమీటర్ల తేడా మామూలే. ఈ సంఖ్యను గరిష్ఠ హద్దుగా తీసుకోకూడదు, ఎందుకంటే తల్లిదండ్రులే చిన్నప్పుడు అరకొర తిండితో పెరిగి ఉంటే వారి జన్యువులు అనుమతించిన ఎత్తును వారే అందుకోలేదు. భారత్‌తోబాటు బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలలో బాగా పోషణ అందిన పిల్లలను ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలిచి చూస్తే, అయిదేళ్ళ వరకు వారందరూ దాదాపు ఒకే తీరున పెరిగారు. 2006 నాటి ఆ ప్రమాణాలే అంగన్‌వాడీ కార్డులోని గీతలకు ఆధారం. మీ బిడ్డ గీత ఒక్కసారిగా కిందికి వంగితే "మాది పొట్టి వంశం" అని ఊరుకోకుండా విరేచనాలు, నులిపురుగులు, థైరాయిడ్ చూపించాలి.

"ఎత్తులో ఎనభై శాతం జన్యువులదే" అన్న వాక్యం పత్రికల్లో తరచూ కనబడుతుంది. మీ ఎత్తులో ఎనభై శాతం అమ్మానాన్నలు ఇచ్చారని దాని అర్థం కాదు. ఒకే నారుమడిలోని నారును ఏటి ఒడ్డు మడిలో ఒకరు, మెట్ట మీద మరొకరు ఊడ్చారనుకోండి. ఒక్కొక్క మడి లోపల పైరు హెచ్చుతగ్గులకు విత్తనంలోని తేడాలే ముఖ్య కారణం కావచ్చు, రెండు మడుల మధ్య తేడా మాత్రం నీటిది. బాగా తినే జనంలో తేల్చిన శాతాన్ని తిండి చాలని ఊరికి అంటగట్టకూడదు.

బుద్ధి విషయంలో పటం దాదాపు పనికిరాదు. చదువుకునే అవకాశమే లేని నాన్నమ్మ పేజీ నుంచి మనవరాలి తెలివిని అంచనా వేయడం అన్యాయం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ మాట్లాడే పిల్లను బడిలో మందకొడి అన్నారంటే ముందు ఆమెకు ఏ భాషలో పాఠం చెబుతున్నారో, చెవులు సరిగా వినబడుతున్నాయో చూడాలి. గర్భిణి ఉన్న ఇంట్లో అయోడిన్ ఉప్పే వాడాలి, ఎందుకంటే అయోడిన్ లోపం కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. ఉప్పుమడుల నుంచి నేరుగా తెచ్చుకునే రాళ్ళ ఉప్పులో అది కలిపి ఉండదు.

పటం పూర్తయ్యాక పెద్ద కాగితాన్ని మడతపెట్టి భూమి పట్టాలున్న పెట్టెలో దాచండి. నోటుపుస్తకంలో ఆడపడుచులకు సంబంధించిన పేజీలకు ఒక నకలు తీసి వారికే ఇవ్వండి, ఎందుకంటే వారి పిల్లలకు అది సగం చెట్టు. ఏటా సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు కొత్త పరీక్షల ఫలితాలు, కొత్త కాన్పులు, మారిన ఊళ్ళు రాసుకొని, ఏ తేదీన ఎవరు రాశారో కింద వేయండి. మేనరికం కాని కొత్త కోడలు వచ్చినప్పుడు ఆమె అంగీకారంతో ఆమె పుట్టింటి వైపు రెండు తరాలకు చోటు వదిలి, ఆమె పదేళ్ళ వరకు ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగిందో మొదటి గడిలో రాయండి.